గాలి మిషను, కరెంటు మిషను, నర్సమ్మగారి పెట్టె

చెక్కపని షాపు పెట్టాలనుకునే కుర్రవాళ్ళు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. రిటైరైన మేస్త్రి ఖాళీగా ఉంటాడు, అడిగినవాళ్ళకి టీ కూడా తనే ఇప్పిస్తాడు. సలహాకి అంతకన్నా చవకైన చోటు చోడవరంలో లేదు. అందరూ అడిగేది దాదాపు ఒకటే. చెక్క నునుపు చెయ్యడానికి కరెంటు మిషను కొనాలా, గాలి మిషను కొనాలా?

నేను కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "ముందు నీ కుడిచెయ్యి చూపించు బాబూ" అంటాను. జాతకం చెబుతానేమోనని వాళ్ళు అరచెయ్యి చాపుతారు. చూపుడువేలి కొస నొక్కి, తెలుస్తోందా అని అడుగుతాను. తెలుస్తోందంటారు. "అయితే ఆ తెలియడం పోకుండా చూసుకునే మిషను కొనుక్కో" అంటాను. టీ తాగేసి వెళ్ళిపోతూ, ముసలాయనకి చాదస్తం ముదిరిందని గేటు దగ్గర అనుకుంటారు. నా చెవులు ఇంకా బాగానే పనిచేస్తున్నాయి. అందుకే ఆ చాదస్తం ఎక్కణ్ణుంచి వచ్చిందో రాసిపెడుతున్నాను.

మా షాపు రోడ్డు మీదే ఉండేది. ఒక పక్క పంక్చర్ల షాపు, ఇంకో పక్క టీ బడ్డీ. తలుపులు, మంచాలు, చర్చి బల్లలు చేసేవాళ్ళం, ఎవరైనా పోతే పెట్టె కూడా చేసిచ్చేవాళ్ళం. చెరుకు సీజను వస్తే బుచ్చయ్యపేట వైపు నుంచి ట్రాక్టర్లన్నీ మా ముందు నుంచే ఫ్యాక్టరీకి వెళ్ళేవి. మావాళ్ళు వెనకనుంచి గడలు లాగేవారు. మేస్త్రిని కాబట్టి నేను లాగేవాణ్ణి కాదు, వాళ్ళు లాగింది తినేవాణ్ణి.

మా ఓనరు మంచివాడు. ఒక్కటే లోపం, ఏదీ తేల్చుకోలేడు. ఇడ్లీ తినాలా పెసరట్టు తినాలా అని ఆయన ఆలోచించేలోపు హోటలు కట్టేసేవారు. అలాంటి మనిషికి ఒకనాడు పెద్ద చిక్కు వచ్చి పడింది. షాపులో ఉన్న నునుపు మిషను ముసలిదైపోయింది, కొత్తది కొనాలి. ఏది కొనాలి?

ఈ పని తెలియనివాళ్ళ కోసం ఒక్క ముక్క చెబుతాను. చిత్రిక పట్టిన చెక్క చూడ్డానికి బాగానే ఉంటుంది, చెయ్యి వేస్తే గరుకు తగులుతుంది. ఎమరీ కాగితం పెట్టి రుద్దితేగాని నునుపు రాదు, నునుపు రాకపోతే పాలిషు నిలవదు. ఆ రుద్దే పనికే మిషను. కరెంటు మిషనులో మోటారు మన చేతిలోనే ఉంటుంది. ప్లగ్గు పెడితే చాలు, కాని బరువు, వేడి, పైగా భుజం దాకా అదురు. గాలి మిషనులో మోటారు ఉండదు. ఎక్కడో మూలనున్న కంప్రెసరు గాలి కూరుతుంది, గొట్టంలోంచి వచ్చిన ఆ గాలే కాగితాన్ని తిప్పుతుంది. చేతికి తేలిక. కాని గాలి చాలకపోతే మధ్యలో ఆయాసపడి ఆగిపోతుంది. ఇంతే తేడా. ఇంతోటి తేడా మీద మా షాపులో జరిగిన వాదన పంచాయతీ ఎన్నికల్లో కూడా జరగలేదు.

కరెంటు పార్టీ నాయకుడు నాతోపాటే షాపులో చేరినవాడు. వాళ్ళ నాన్న ఎడ్లబళ్ళు చేసేవాడు. నునుపు పనంతా అతనిదే. ఆ పాత మిషను అతని చేతిలోనే కొత్తగా వచ్చి, అతని చేతిలోనే ముసలిదైంది. గాలి పార్టీలో ఒక్కడే సభ్యుడు. దేవరాపల్లి వైపు మనిషి, వైజాగులో కార్లకి రంగులు వేసే షెడ్డులో కొన్నేళ్ళు చేసి, ఇంటికి దగ్గర్లో ఉంటే చాలనుకుని మా దగ్గరకు వచ్చాడు. అక్కడ వాడిన గాలి మిషను ఒకటి తువ్వాల్లో చుట్టి తెచ్చుకున్నాడు. అతని దగ్గర మిషనుంది, గాలి లేదు. మేం వాళ్ళకి పెట్టిన పేర్లే ఇక్కడా వాడతాను: కరెంటోడు, గాలోడు. రెండోవాడికి ఆ పేరంటే ఒళ్ళు మంట. అందుకే అది నిలిచిపోయింది.

రోజూ టీ వేళకి మొదలయ్యేది.

"అది కార్లకి రుద్దీ మిషనురా. రేకుకి పేనం ఉండదు, సెక్కకి ఉంటాది" అనేవాడు కరెంటోడు.

"పేనం ఉంటే మరి నువ్వలగ గుర్రుమని అదరగొడతావేటి బాబాయ్? బయపడి సచ్చిపోద్ది."

"నీదైతే గొట్టం. ఆ గొట్టం కాళ్ళకడ్డం పడి మా మేస్త్రి బోర్లా పడితే ఎవులు లేపుతారు?"

"కరెంటు పోతే నీది మూగదైపోద్ది. నాదైతే టాంకీలో గాలుంటాది."

"ఎంతసేపుంటాది?"

"ఓ నిమిషం."

"ఆ నిమిషంలో మంచం రుద్దీసి, బోయినం సేసి వొచ్చెస్తావేటి?"

ఓనరు ఇద్దరి మాటలూ శ్రద్ధగా విని, ఇద్దరూ చెప్పింది నిజమేనని తల ఊపి, ఫోనులో వీడియోలు చూడ్డానికి లోపలికి వెళ్ళిపోయేవాడు. ఆ వీడియోల్లో కూడా రెండూ మంచివేనని చెప్పేవారట.

ఈ వాదన నవ్వులాటగానే సాగేది. నేను మాత్రం సగమే నవ్వేవాణ్ణి. టీ గ్లాసు కాలిపోతోందని మేమంతా అంచు పట్టుకుని ఊదుకుంటుంటే, కరెంటోడు గుప్పిట్లో పట్టుకుని కూర్చునేవాడు. మొదట్లో వీరుడనుకున్నాం. తర్వాత ఒకరోజు చూశాను. రుద్దడం అయిపోయాక అందరం కుడిచేతి వేళ్ళతో తడిమి నునుపు చూస్తాం. అతను చుట్టూ చూసి, ఎవరూ చూడటం లేదనుకుని, ఎడమచేత్తో తడుముతున్నాడు.

టేకు దుంగల వెనక్కి తీసుకుపోయి నిలదీశాను.

"సేతి ఏళ్ళు మొద్దుబారిపోయేయన్నా" అన్నాడు తల వంచుకుని. "పొద్దున్న లెగిసేక సీమలు పాకినట్టుంటాది. తరవాత ఏటీ తెల్దు. రేత్రి ఆముదం రాసుకుని తొంగుంటన్నాను, తగ్గట్లేదు. ఓనరుకి సెప్పకు. గరుకు తెలీనోడు నునుపు పనికెందుకంతాడు."

"ఆ మిషనే నీ సెయ్యి తినెస్తంది కదరా. గాలిదైతే తేలిగ్గా ఉంటాది. దాన్ని రానియ్యొచ్చు కదేటి?"

"అదొస్తే ఆడొస్తాడు. మరి నానెక్కడికెల్తాను?"

అదీ సంగతి. కరెంటు మిషను ఉంటే అతనికి పని ఉంటుంది, చెయ్యి పోతుంది. గాలి మిషను వస్తే చెయ్యి దక్కుతుందేమో, పని పోతుంది. అందుకే అతను తన చేతిని తినేస్తున్న మిషను తరఫునే అంత గట్టిగా వాదిస్తున్నాడు. నాకు అతని మీద కోపం వచ్చింది, జాలి వేసింది. ఏం చెయ్యాలో తోచలేదు. నా నోరు పెద్దదని ఊరందరికీ తెలుసు, అయినా మూసుకున్నాను.

అలా ఉండగా నర్సమ్మగారు వచ్చారు.

ఆవిడ మా చర్చి సంఘంలో పెద్దావిడ. సర్కారు ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. చోడవరంలో సగం మందికి మొదటి ఇంజెక్షను పొడిచింది ఆవిడే. అందుకని ఆవిడ రోడ్డు మీద కనిపిస్తే మీసాలున్న మగవాళ్ళు కూడా కొంచెం ఒక పక్కకి ఒరిగి నడిచేవారు. ఆ రోజు ఒక ట్రాలీ ఆటోలో పసుపుపచ్చటి పనస పలకలు వేయించుకుని వచ్చారు.

"మేస్త్రీ, ఒక పెట్టె సెయ్యాల."

"బట్టలకాండీ?"

"కాదు. నాకు."

నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. ఆవిడ పలకల మీద చెయ్యి వేసి చెప్పారు. "మా పెరట్లో పనసచెట్టు, గాలివానకి పడిపోనాది. కోయించి ఆరబెట్టించేను. ఇన్నేళ్ళూ దాని తొనలు నేను తిన్నాను. ఇంక అది నన్ను తినాల కదేటి, న్యాయం."

ఇక్కడ మా పనిలో ఒక ఆచారం ఉంది. బతికున్న మనిషికి పెట్టె కొలత తియ్యం. పోయినవాళ్ళ ఇంటినుంచి ఎవరో తాడుముక్కకి ముడి వేసి తెస్తారు, ఆ తాడే కొలత. మనిషికి టేపు పెట్టామంటే మనమే పిలిచి పంపించినట్టు. ఆవిడేమో మా ఎదురుగా నిటారుగా నిలబడి, "ఊఁ, తియ్యండి" అంటున్నారు. నేను టేపు కరెంటోడికి ఇచ్చాను. అతను గాలోడికి ఇచ్చాడు. గాలోడు ఓనరుకి ఇచ్చాడు. ఓనరు టీ తెచ్చినాయన చేతిలో పెట్టాడు. ఆయన టేపు తీసుకుని, గ్లాసులు అక్కడే ఒదిలేసి వెళ్ళిపోయాడు.

ఆవిడ మమ్మల్నందరినీ ఒకసారి చూసి, చెప్పులు విప్పి, చీర సర్దుకుని, షాపు నేల మీద పొట్టులోనే వెల్లకిలా పడుకున్నారు. "సుద్దముక్క పెట్టి సుట్టూ గీసుకోండి. నన్ను కొలిచినట్టూ అవదు, మీకు పాపమూ అంటదు" అన్నారు. గీశాం. ఆవిడ లేచి వెళ్ళాక ఆ గీతల్ని దాటడానికి కూడా మావాళ్ళు భయపడ్డారు.

వెళ్ళబోతూ ఆవిడ గట్టిగా చెప్పిన మాట ఒకటే. "లోపల నున్నగా ఉండాల. పక్క గరుగ్గా ఉంటే వీపుకి పుళ్ళు పడతాయి. ఎంతమందికి కట్లు కట్టేనో నాకు తెలుసు."

"అప్పటికి మీకు తెలీదు కదండీ" అన్నాడు ఓనరు నెమ్మదిగా.

"నీకెలగ తెలుసు?"

ఓనరు వెళ్ళి టీ గ్లాసులు ఏరుకున్నాడు. నునుపు అనే మాట వినబడగానే మావాళ్ళిద్దరూ మొదలెట్టారు. కరెంటుదైతే నెయ్యిలా వస్తుందని ఒకరు, గాలిదైతే పట్టులా వస్తుందని ఒకరు. ఆవిడ ఇద్దరి మాటలూ విని, "ఎందుకా గోల? ఎడం పక్క పలక నువ్వు రుద్దు. కుడి పక్కది నువ్వు రుద్దు. నేనే తొంగుని సెప్తాను ఏది బాగుందో" అన్నారు.

తేల్చే బాధ తనకి తప్పినందుకు ఓనరు మొహం వెలిగిపోయింది. గెలిచిన మిషనే కొంటానన్నాడు. అది పట్టినవాడే ఇక నునుపు పనికి పెద్ద అన్నాడు. మరి రెండోవాడో అంటే, "చూద్దాం" అన్నాడు. ఆయన నోట చూద్దాం అంటే లేదనే అర్థమని మాకందరికీ తెలుసు. కరెంటోడు నావైపు చూశాడు. నేను ఆ సుద్దగీతల వైపు చూశాను.

పోటీ రోజు వచ్చింది. గాలోడికి గాలి కావాలి కదా, పంక్చర్ల షాపాయన్ని బతిమాలాం. ఆయన ఒప్పుకున్నాడు, ఒక షరతు మీద: గిరాకీ వస్తే గాలి తనది. కిటికీలోంచి గొట్టం లాగాం. ఇద్దరూ పలకల ముందు నిలబడ్డారు. ఒక పక్క గుర్రుమని, ఇంకో పక్క ఈల వేసినట్టు కుయ్యిమని, పనసపొట్టు పచ్చగా లేచింది. మా కనురెప్పలన్నీ పసుపు పూసినట్టయ్యాయి.

నిజం చెప్పాలంటే మొదట్లో గాలోడిదే పైచెయ్యి. తేలిగ్గా, వేళ్ళ చివర్న పట్టుకుని, ముగ్గు వేసినట్టు తిప్పుతున్నాడు. కరెంటోడు ముసలి మిషనుని రెండు చేతులా నొక్కి పట్టుకుని చెమటలు కక్కుతున్నాడు. అంతలో చెరుకు లోడుతో ఒక ట్రాక్టరు వచ్చి పంక్చర్ల షాపు ముందు ఆగింది. దాని వెనక టైరు చప్పబడిపోయి ఉంది. షరతు షరతే కదా, కంప్రెసరు దగ్గర మా గొట్టానికి గాలి కట్టేసి టైరుకి పెట్టారు. ఇటు గాలి మిషను ఒక్కసారి నిట్టూర్చి ఆగిపోయింది.

గాలోడు రోడ్డు మీదికి పరిగెత్తాడు. "ఓ బాబూ, సగం టైరుకే కొట్టించుకో! నాకు కొంచెం గాలి ఉంచు!"

ట్రాక్టరాయన అతన్ని కిందనుంచి పైదాకా చూశాడు. "నీకు గాలెందుకు? నీకేటైనా సక్రాలున్నాయేటి?"

ఆ వాదన అక్కడ జరుగుతుండగా ఇక్కడ ఇంకో ఘోరం జరిగింది. ఆగిపోయిన గాలి మిషనులోకి గొట్టంలో మిగిలిన గాలి కొంచెం కొంచెంగా వస్తూ, అది కీచు కీచుమంటోంది. కరెంటోడు తన పని ఆపి దానివైపు చూశాడు. ఇంకొకడైతే సంతోషించేవాడు. ఇతను బళ్ళు చేసే ఇంట్లో పుట్టినవాడు. ఎండిపోయిన ఇరుసు చప్పుడు వింటే ఇతనికి అన్నం సయించదు. "పాపం, ఏడుస్తంది" అన్నాడు. తన సంచిలోంచి చేతికి రాసుకునే ఆముదం సీసా తీశాడు. నేను వద్దనేలోపే గొట్టం ఊడదీసి, ఆ కన్నంలోకి సగం సీసా ఒంపి, మళ్ళీ బిగించాడు.

"మా నాన్న ఇరుసుకి ఇదే ఏసీవోడు. ఎడ్లు కూడా సంతోసించీవి" అన్నాడు.

గాలోడు గెలిచినవాడిలా తిరిగొచ్చాడు. ట్రాక్టరు వెళ్ళిపోయింది, కంప్రెసరు నిండింది. మిషను పలక మీద పెట్టి మీట నొక్కాడు. పెళ్ళిలో పన్నీరు చల్లినట్టు ఆముదం తుంపర లేచి అతని మొహం మీద, నా చొక్కా మీద, అన్నిటికన్నా ముఖ్యంగా నర్సమ్మగారి కుడి పక్క పలక మీద పడింది. షాపంతా పురిటింటి వాసన కొట్టింది.

"బాబాయ్! ఇందులో ఏటేసేవు?"

"ఆముదం."

"సుక్క నూనెయ్యాల దీనికి! ఒక్క సుక్క! నువ్వు తలంటు పోసీసేవు!"

"అదేడుస్తంటే సూస్తా కూకోమంతావేటి?"

గాలోడు మళ్ళీ ఏదో అనబోయి, అతని మొహం చూసి ఆగిపోయాడు. కావాలని చెడగొట్టినవాడి మొహం అంత దిగులుగా ఉండదు. పలకని గుడ్డతో తుడిచి, మళ్ళీ రుద్దాం. అంతా పోయింది కాని, భుజం వచ్చేచోట అరచెయ్యంత మేర ఆముదం లోపలికి ఇంకిపోయి, కాగితానికి జిగటగా అంటుకుని, గరుకు గరుకుగానే మిగిలిపోయింది.

పలకలు బిగించి పెట్టె నిలబెట్టాక నర్సమ్మగారికి కబురు పంపాం. ఆవిడ ఇస్త్రీ చీరలో వచ్చారు. చెప్పులు బయట విప్పి, నా భుజం ఆసరాగా పట్టుకుని పెట్టెలోకి దిగి, పడుకుని, చేతులు రెండు పక్కలా ఆనించి కళ్ళు మూసుకున్నారు. మేం చుట్టూ నిలబడ్డాం. తెలియకుండానే మా చేతులు కట్టుకున్నాం. ఆవిడ ఎంతకీ మాట్లాడరు. ఓనరు వంగి ఆవిడ మొహంలోకి చూశాడు.

"నర్సమ్మగారూ?"

"ఉండు. ఆలోసిస్తన్నాను."

మళ్ళీ కాసేపటికి కళ్ళు తెరిచారు. "ఎడం పక్క బాగుంది. వెన్నలాగుంది. కుడి పక్క కూడా బాగానే ఉంది గాని, ఇక్కడ భుజానికేటో తగుల్తంది. అయినా ఇదేటి, పురిటింటి వాసనేస్తంది?"

జరిగింది చెప్పాం. ఆవిడ పెట్టెలోనే పడుకుని నవ్వారు, పెట్టె కదిలేట్టు నవ్వారు. "పుట్టినప్పుడూ నాకిదే రాసుంటారు. ఎల్లీటప్పుడూ ఇదే. మంచిదే. కరెంటే గెలిచింది రాసుకోండి."

ఓనరు చప్పట్లు కొట్టాడు. కరెంటోడు చిన్నపిల్లాడిలా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. అతను గెలిచిన మిషను అతని చేతిలో ఇంకెన్నాళ్ళు ఉంటుందో, ఆ చెయ్యి ఇంకెన్నాళ్ళు ఉంటుందో అన్న లెక్కే నా మనసులో తిరిగింది. అతను ముందుకొచ్చి, ఆవిణ్ణి లేపడానికి కుడిచెయ్యి అందించాడు.

ఆవిడ చెయ్యి పట్టుకుని లేచి కూర్చున్నారు, అంతే, నిలబడలేదు. పెట్టెలో కూర్చునే ఆ చెయ్యి తిప్పి చూశారు. వేళ్ళ కొసలు నొక్కారు. అతను ఓనరుతో ఏదో మాట్లాడుతున్నాడు. ఆవిడ తన పైటకున్న పిన్నీసు విప్పి, అతని చూపుడువేలి కొసన గుచ్చారు. చిన్న ఎర్రచుక్క లేచింది. అతను ఇంకా ఓనరుతో మాట్లాడుతూనే ఉన్నాడు.

"నొప్పెట్టలేదేటి?"

"ఏదండీ?" అని ఇటు తిరిగి, తన వేలు చూసుకుని, మాట ఆపేశాడు.

ఓనరుకి మెల్లగా అర్థమైంది. "అంటే... చేతికి తెలీడం లేదా? మరి నునుపు ఎలా చూస్తున్నాడు?"

"సూసేడు కదా. నేను తొంగుని మరీ సెప్పేను" అన్నారు ఆవిడ ఓనరుతో. "ఒరే బాబూ, గెలిసింది నీ మిషను కాదు, ఈ సెయ్యి. ఆ మిషను దీన్ని తినెస్తంది. పనసచెట్టు నన్ను తింటే పరవాలేదు, నా వయసైపోనాది. ఈ సెయ్యికి ఇంకా వయసుంది. గాలిది తెప్పించు. పట్టేది ఈయన. నేర్పీది ఆ అబ్బాయి."

ఓనరు గొంతు సర్దుకున్నాడు. "గాలిదంటే పెద్ద కంప్రెసరు కావాలండీ. చిన్నదైతే మాటిమాటికీ ఆగిపోతుంది."

"ఆగితేనే మంచిది. అది గాలి పీల్చుకున్నంతసేపు ఈయన ఏళ్ళు ముడిసి తెరుస్తాడు. సిన్నదే కొను."

చిన్నదే కొనమని ఒకరు చెప్పడం ఓనరు జీవితంలో అదే మొదటిసారి. అయినా అలవాటు కొద్దీ "చూద్దాం" అనబోయాడు.

"సూడ్డాలేవీ లేవు. ఒప్పుకోకపోతే ఈ పెట్టె నాకొద్దు. నువ్వే అమ్ముకో. నా కొలతకి సరిపోయే మనిషిని నువ్వే ఎతుక్కో."

ఓనరు ఒప్పుకున్నాడు. ఇడ్లీ, పెసరట్టు సంగతి నాకు తెలియదుగాని, నేను చూస్తుండగా ఆయన అంత త్వరగా తేల్చుకున్నది అదొక్కటే. నాకు భయం గాలోడి గురించి. నేర్పినవాడి గతేమిటి? అతనే తేల్చేశాడు. "కంప్రెసరు ఒచ్చిందంటే పాలిషు స్ప్రే కొట్టొచ్చు. అది నా పని. బాబాయ్ రుద్దితే నేను కొడతాను. ఒక్కటే, ఆముదం సీసా మాత్రం షాపు బయట పెట్టాల" అన్నాడు. కరెంటోడు సీసా తీసి అప్పటికప్పుడే అతని చేతిలో పెట్టాడు. అలా ఇవ్వడంలో అతని కళ్ళు తడిసినట్టు నాకు కనిపించింది. పనసపొట్టు పడిందన్నాడు. ఒప్పుకున్నాం.

ఆ తర్వాత మా షాపు ముందునుంచి వెళ్ళినవాళ్ళకి ఒక వింత కనిపించేది. మిషను కుయ్యిమని నడిచి, ఆయాసపడి ఆగేది. మూల కంప్రెసరు దడదడలాడేది. అది నిండేదాకా మా కరెంటోడు గోడవైపు తిరిగి, పిల్లలకి టాటా చెప్పినట్టు వేళ్ళు ముడుస్తూ, తెరుస్తూ నిలబడేవాడు. అతని పేరు మార్చాలని ప్రయత్నించాం గాని కుదరలేదు. గాలి మిషను పట్టుకున్న కరెంటోడిగానే ఉండిపోయాడు. నర్సమ్మగారు దగ్గరుండి వైజాగులో పెద్ద డాక్టరు దగ్గరకి పంపించారు. గాలి మిషను కూడా అదురుతుందని, కాకపోతే తక్కువని, దాన్ని గట్టిగా పట్టుకోకుండా, మధ్యమధ్య ఆగుతూ చెయ్యాలని ఆయన చెప్పారట. పోయింది పూర్తిగా తిరిగొస్తుందని మాత్రం మాటివ్వలేదట. కుర్రవాళ్ళూ, మీరు ఏ మిషను కొన్నా ఆ డాక్టరు మాట గుర్తుపెట్టుకోండి. షాపువాడు డబ్బా మీద ఇది రాయడు.

ఇక పెట్టె సంగతి. నర్సమ్మగారికి దానితో ఏమీ తొందర లేకపోయింది. ముందుగదిలో గోడవార పెట్టించి, లోపల బొంతలు, దుప్పట్లు సర్దుకున్నారు. పైన ఒక తివాచీ పరిచి, వచ్చినవాళ్ళని దాని మీదే కూర్చోబెట్టేవారు. పాస్టరుగారు కొత్తగా వచ్చినప్పుడు దాని మీద కూర్చుని రెండు కప్పులు టీ తాగాక, అది ఏమిటో తెలుసుకుని, మూడో కప్పు నిలబడి తాగారు. భుజం దగ్గర ఆ గరుకు తీసేస్తామని మేం చాలాసార్లు అడిగాం. "ఇప్పుడేటి తొందర? నేనెల్లీరోజు ఈయన్నే వొచ్చి సూడమను" అనేవారు, కరెంటోడి వైపు చూపించి.

నేను రిటైరయ్యాక ఒక వానాకాలం ఆవిడ వెళ్ళిపోయారు. నిద్దట్లోనే పోయారు. కబురందగానే వెళ్ళాను. కరెంటోడు, గాలోడు నాకన్నా ముందే వచ్చి ఉన్నారు. బొంతలు తీసి పక్కన పెట్టారు. పెట్టె మూత తియ్యగానే, ఇన్నేళ్ళ తర్వాత కూడా, లీలగా ఆముదం వాసన వచ్చింది. గాలోడు నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. అది నవ్వో ఏడుపో నేను అడగలేదు. నాకు రెండూ వచ్చాయి.

ఆవిణ్ణి పెట్టడానికి నలుగురూ సిద్ధమవుతుంటే కరెంటోడు ఆగమన్నాడు. పెట్టె పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, కుడిచెయ్యి లోపల పెట్టి, కళ్ళు మూసుకుని, కుడి పక్క పలక మీద తలవైపు నుంచి మెల్లగా తడుముతూ వచ్చాడు. భుజం దగ్గరకి వచ్చాక చెయ్యి ఆగింది. వెనక్కి తీసుకుని మళ్ళీ అక్కడే పెట్టాడు. కళ్ళు తెరిచి నావైపు చూశాడు.

"అన్నా," అన్నాడు, "ఇక్కడ గరుకు తగుల్తంది."

నేనూ చెయ్యి పెట్టి చూశాను. అరచెయ్యంత మేర, సరిగ్గా అక్కడే ఉంది.

అతను చొక్కా జేబులోంచి ఎమరీ కాగితం ముక్క తీశాడు. వెనకాల ఆడవాళ్ళు పాట అందుకున్నారు. మిషను లేదు, గాలి లేదు, కరెంటు లేదు. వేళ్ళతోనే, చెక్కలోని చారల వెంబడి, ఆ పాట అయిపోయేదాకా రుద్దాడు. పొట్టు ఊది, కుడిచేత్తోనే ఇంకోసారి తడిమి చూసుకుని లేచాడు.

"అయిపోనాది. ఇంక తొంగోబెట్టండి" అన్నాడు.